డ్రైయర్ నుంచి సవరం దాకా: మీ జుట్టుకు నిజంగా ఏది కావాలి?

"ఏ కంపెనీ స్ట్రెయిట్‌నర్ మంచిది?" అని అడిగేవారు చాలామంది. "నాకసలు స్ట్రెయిట్‌నర్ ఎందుకు?" అని ఆగి ఆలోచించేవారు తక్కువ. నడుము దాకా జుట్టుండి రోజూ జడ వేసుకునే ఆమెకు మూడు వేల రూపాయల స్ట్రెయిట్‌నర్ ఏ పెళ్ళికో బయటికి వచ్చి, మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయే వస్తువు. ఆమె జడ చివర చుట్టే రబ్బర్ బ్యాండు, చిక్కు తీసే దువ్వెన మాత్రం ఏడాది పొడవునా జుట్టు మీద పని చేస్తూనే ఉంటాయి. విచిత్రంగా, వాటికి ఇరవై రూపాయలు మించి పెట్టడానికి మనసు రాదు. నా పక్షపాతం ఏమిటో ముందే చెప్పేస్తాను: రోజూ వాడే వస్తువు మీద డబ్బు పెట్టండి. వేడి పరికరం కొనవలసివస్తే, వేడి తగ్గించుకునే వీలున్నదే కొనండి. పెట్టె మీద రాసిన మిగతా మాటలన్నీ ఆ తర్వాత.

## కొనే ముందు తేల్చుకోవలసినవి

వేడి జుట్టును ఎలా మారుస్తుందో తెలిస్తే సగం ఎంపిక అక్కడే తేలిపోతుంది. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీనుతో తయారవుతుంది. ఆ ప్రోటీను పోగులను కలిపి ఉంచే వాటిలో హైడ్రోజన్ బంధాలు కాస్త బలహీనమైనవి. నీళ్ళు తగిలినా వేడి తగిలినా విడిపోతాయి. ఆరేటప్పుడు, చల్లారేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్ళీ కలుస్తాయి. డ్రైయర్, స్ట్రెయిట్‌నర్, కర్లింగ్ రాడ్ అన్నీ ఈ ఒక్క సంగతి మీదే నడుస్తాయి. అందుకే వాటితో వచ్చిన రూపం తలస్నానంతో పోతుంది, గాలిలోని తేమతోనూ పోతుంది. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉదయం తిన్నగా చేసుకున్న జుట్టు మధ్యాహ్నానికి ఉబ్బిపోతే ఆ తప్పు పరికరానిది కాదు. హైదరాబాద్ వేసవిలో అదే పరికరం సాయంత్రం దాకా నిలబెడుతుంది. పార్లర్లలో నెలల తరబడి నిలిచేలా చేసేది వేరే పని. అక్కడ రసాయనాలతో ఇంకా గట్టి బంధాలనే మారుస్తారు. ఇంటి పరికరం నుంచి ఆ ఫలితం ఆశించకూడదు.

తర్వాత చూడవలసింది వెంట్రుక మందం. రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య తిప్పండి. ఉన్నట్టే తెలియకపోతే అది సన్నని జుట్టు. కుట్టుదారంలా స్పష్టంగా తగిలితే మందమైనది. తల నిండా వెంట్రుకలు ఉండడం వేరు, ఒక్కో వెంట్రుక మందంగా ఉండడం వేరు. మనవారిలో సన్నని వెంట్రుకలే ఒత్తుగా ఉన్నవారు చాలామంది. వారు తమది "గట్టి జుట్టు" అనుకుని 210 డిగ్రీల వేడి పెట్టేస్తుంటారు. పట్టుచీరకూ నూలు చీరకూ ఇస్త్రీపెట్టె ఒకే వేడి మీద పెట్టం కదా, ఇక్కడా అంతే. సన్నని జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు 120 నుంచి 150 డిగ్రీలు, మధ్యరకానికి 150 నుంచి 180, మందంగా ఉంగరాలు తిరిగిన జుట్టుకు 180 నుంచి 200 చాలు. అంతకు మించిన వేడి ఇంట్లో దాదాపు అవసరం రాదు.

ఆ తర్వాత నూనె. తలకు నూనె రాసుకునే అలవాటున్న ఇళ్ళలో ఇది పెద్ద విషయమే. తలస్నానానికి ముందు పట్టించిన కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి దిగి, కడిగేటప్పుడు ప్రోటీను పోకుండా కొంత ఆపుతుంది. అంతవరకు మంచిదే. అదే నూనె తల మీద ఉండగా స్ట్రెయిట్‌నర్ పెడితే పొగ వస్తుంది, జిడ్డు పలకలకు మాడి అంటుకుంటుంది, మరుసటిసారి ఆ మాడిన చోట జుట్టు పట్టుకుని లాగుతుంది. వేడికి ముందు రాయవలసింది నూనె కాదు, వేడి నుంచి కాపాడేందుకని అమ్మే స్ప్రే లేదా సీరం. వారానికి ఒకసారే తలస్నానం చేసి, మిగతా రోజులు నూనె జడతో ఉండేవారికి వేడి పరికరాల అవసరమే సగం తగ్గిపోతుంది.

బోరు నీళ్ళ సంగతి కూడా ఒక మాట. కఠినజలంలోని ఖనిజాలు జుట్టు మీద పేరుకుని గరుకుగా చేస్తాయి. ఆ గరుకుదనాన్ని వేడితో అణచాలని చూస్తే ఇంకా పెరుగుతుంది. చివరి మగ్గు మంచినీళ్ళతో పోసుకుని చూడండి. కొందరికి స్ట్రెయిట్‌నర్ కొనాలన్న ఆలోచన అక్కడే ఆగిపోవచ్చు.

ఇక కరెంటు. గోడకుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల లెక్కన అది మోసేది 1,380 వాట్లు. 1,600 లేదా 2,000 వాట్ల డ్రైయర్‌కు గీజరుకు, ఏసీకి పెట్టే 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. అద్దం పక్కన అలాంటిది ఉండే ఇళ్ళు తక్కువ. మామూలు ఇంటి ఇన్వర్టర్ 1,200 వాట్ల డ్రైయర్‌ను కూడా మోయలేదు, స్ట్రెయిట్‌నర్‌ను మాత్రం తేలిగ్గా నడుపుతుంది. బిల్లు గురించి భయం అక్కరలేదు. 1,200 వాట్ల డ్రైయర్ పావుగంట తిరిగితే ఖర్చయ్యేది 0.3 యూనిట్లు.

## ఒక్క చూపులో

ధరలు బజారులో మామూలుగా కనిపించే స్థాయి మాత్రమే. పండుగ తగ్గింపుల్లో ఇంకా దిగుతాయి.

| వస్తువు | ఏ స్థితిలో వాడాలి | వచ్చే రూపం | సుమారు ధర (రూ.) | ఎవరికి అక్కరలేదు |
|---|---|---|---|---|
| డ్రైయర్ | నీళ్ళు ఒత్తేసిన తడి జుట్టు | ఆరిన, కాస్త ఒత్తుగా కనిపించే జుట్టు | 800–3,000 | ఆరబెట్టుకునే తీరిక ఉన్నవారికి |
| స్ట్రెయిట్‌నర్ | పూర్తిగా ఆరిన జుట్టు | నిటారుగా. చేయి తిరిగితే అలలు కూడా | 1,000–4,000 | రోజూ జడ వేసేవారికి |
| వేడి పళ్ళ బ్రష్ | పూర్తిగా ఆరిన జుట్టు | నునుపు, పూర్తి నిటారు కాదు | 1,200–3,500 | గట్టి ఉంగరాల జుట్టుకు |
| వేడి గాలి బ్రష్ | ముప్పాతిక ఆరిన జుట్టు | ఒత్తు, చివర్లో వంపు | 1,500–5,000 | నడుము దాటిన జుట్టుకు |
| కర్లింగ్ రాడ్ | పూర్తిగా ఆరిన జుట్టు | ఉంగరాలు | 1,000–3,000 | తీరంలో రోజువారీ వాడకానికి |
| గాలితో చుట్టే మల్టీ స్టైలర్ | చెమ్మ జుట్టు | ఆరడం, వంపులు, నునుపు | పదుల వేలు | చాలామందికి |
| వేడి లేని పద్ధతులు | కాస్త చెమ్మ జుట్టు | మెత్తని అలలు | 0–500 | తొందరలో ఉన్నవారికి |

## డ్రైయర్

ఒకే ఒక్క యంత్రం కొనగలిగితే ఇదే కొనమంటాను. జడ వేసుకునేవారికైనా, భుజాల దాకా కత్తిరించుకున్నవారికైనా, మగవారికైనా పనికొచ్చేది ఇదొక్కటే.

"డ్రైయర్ జుట్టును పాడు చేస్తుంది, గాలికి ఆరడమే మంచిది" అని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. 2011లో కొరియా పరిశోధకులు అచ్చుకెక్కించిన ఒక అధ్యయనం ఈ నమ్మకాన్ని కాస్త కదిలించింది. డ్రైయర్‌ను 15 సెంటీమీటర్ల దూరంలో కదుపుతూ పట్టుకుంటే జుట్టు దగ్గర వేడి 47 డిగ్రీలు, 5 సెంటీమీటర్లకు తెస్తే 95 డిగ్రీలు. దగ్గరయ్యే కొద్దీ వెంట్రుక పైపొర దెబ్బతింది. అయితే వెంట్రుక లోపలి కణాలను అతికించి ఉంచే పొర దెబ్బతిన్నది, దానంతట అది నెమ్మదిగా ఆరిన జుట్టులోనే. ఎక్కువసేపు తడిగా ఉండడం వల్ల వెంట్రుక ఉబ్బడమే అందుకు కారణమని వారి అంచనా. కాబట్టి జానెడు దూరం, ఒకచోట ఆపకుండా కదలడం. ఈ రెండూ పాటిస్తే డ్రైయర్ శత్రువేమీ కాదు.

కొనేటప్పుడు వాట్ల అంకె చూసి మురిసిపోకండి. గాలి తక్కువ, వేడి ఎక్కువ ఉన్న చవక డ్రైయర్ కంటే గాలి ధాటిగా వచ్చే 1,200 వాట్లది నయం. నేను చూసేవి నాలుగు: వేడికి, గాలి వేగానికి వేరువేరు మీటలు, చల్లగాలి బొత్తం, గాలిని ఒక వైపు మళ్ళించే చప్పిడి మూతి, వెనకాల ఊడదీసి దుమ్ము దులుపుకోగల జాలీ. చల్లగాలి బొత్తాన్ని చాలామంది ఒక్కసారి కూడా నొక్కరు. చల్లారేటప్పుడే కదా బంధాలు కుదురుకునేది. చివరి అర నిమిషం చల్లగాలి పెడితే ఆ రూపం నిలుస్తుంది. జాలీలో దుమ్ము పేరుకుంటే డ్రైయర్ వేడెక్కి మధ్యలోనే ఆగిపోతుంది. పాడైందనుకుని పారేసే డ్రైయర్లలో కొన్నింటి జబ్బు ఇదే.

ఉంగరాల జుట్టువారు డిఫ్యూజర్ అనే వెడల్పాటి పళ్ళెం మూతి ఉన్నదే తీసుకోవాలి. అది లేకపోతే గాలి ధాటికి ఉంగరాలు విడిపోయి పీచులా అవుతాయి. పెట్టెల మీద గొప్పగా రాసే అయాన్ల మాట: డ్రైయర్ గాలితో పాటు వదిలే ఈ విద్యుదావేశ కణాలు ఎండు గాలిలో జుట్టు చిటపటలాడుతూ లేచి నిలబడకుండా కొంత ఆపుతాయి. కొట్టిపారేయను గాని, దానికోసం వెయ్యి అదనంగా ఇవ్వను. చిన్న మోటారుతో మహా వేగంగా తిరిగే డ్రైయర్లకు 2016లో డైసన్ కంపెనీ పేరు తెచ్చింది. ఇప్పుడు అలాంటి బ్రష్‌లెస్ మోటార్లు తక్కువ ధరల్లోనూ వస్తున్నాయి. వాటి అసలు లాభం బరువు తగ్గడం, త్వరగా ఆరడం. నడుము దాకా జుట్టున్నవారికి చెయ్యి ఎత్తి ఇరవై నిమిషాలు పట్టుకోవడమే పెద్ద పని కాబట్టి, ఆ లాభం వారికే ఎక్కువ.

తెల్లవారుజామున ముహూర్తం ఉన్న పెళ్ళింట డ్రైయర్ తప్పనిసరి అనే చెప్పాలి. మంగళస్నానం చేసిన తడి జుట్టుకే పూలజడ కుట్టేస్తే లోపలి తడి గంటల తరబడి ఆరదు. తడిసిన వెంట్రుక సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. దాని మీద సవరం, పూలు, బిళ్ళల బరువంతా వేలాడుతుంది. ఒకప్పుడు బాలింతల తల ఆరడానికి సాంబ్రాణి పొగ వేసేవారు. ఆ సువాసన ఏ డ్రైయరూ ఇవ్వదు గాని, ముహూర్తం అంతసేపు ఆగదు.

## స్ట్రెయిట్‌నర్

దీన్ని కొనేటప్పుడు ఒకే ఒక్క షరతు పెట్టుకోండి: వేడిని అంకెల్లో మార్చుకునే వీలుండాలి. ఆన్, ఆఫ్ తప్ప మరేమీ లేని చవక రకాలు నేరుగా 200 డిగ్రీల పైకి వెళ్ళి కూర్చుంటాయి. సన్నని జుట్టుకు అది శిక్షే.

పలకల విషయంలో సిరామిక్ వేడిని సమంగా పంచుతుంది, మామూలు జుట్టుకు అది చాలు. టైటానియం త్వరగా, గట్టిగా వేడెక్కుతుంది; మందమైన జుట్టుకు, చేయి తిరిగినవారికి బాగుంటుంది, కొత్తవారి చేతిలో కాల్చేస్తుంది. కెరాటిన్ పూత, ఆర్గాన్ నూనె పూత అని రాసిన వాటికి ఎక్కువ ఇవ్వకండి. పూత ఏదైనా వాడకంతో అరిగేదే, అరిగిన చోట జుట్టు చిక్కుకునేదే. పలకలు కాస్త వెనక్కి ఒదిగేలా స్ప్రింగు మీద ఉంటే జుట్టు నలగదు. అంచులు గుండ్రంగా ఉంటే అదే పరికరంతో అలలు కూడా తిప్పుకోవచ్చు, కర్లింగ్ రాడ్ వేరే కొననక్కరలేదు. వెడల్పు భుజాల దాకా జుట్టుకు 25 మిల్లీమీటర్లు, ఒత్తైన పొడవు జుట్టుకు 35 నుంచి 45 ఉంటే పని త్వరగా అవుతుంది.

చెమ్మ ఉన్న జుట్టు మీద పెట్టినప్పుడు వచ్చే 'సుయ్' అనే చప్పుడు వెంట్రుక లోపలి నీరు ఆవిరవుతున్న చప్పుడు. ఆ ఆవిరి వెంట్రుకలో బుడగలు లేపుతుంది, అక్కడే వెంట్రుక విరుగుతుంది. తడి జుట్టు మీదా వాడవచ్చని ప్రత్యేకంగా తయారు చేసినవి తప్ప మరే స్ట్రెయిట్‌నర్‌నూ చెమ్మ మీద పెట్టకండి. 150 డిగ్రీల మీద ఒకే పాయ పదిసార్లు లాగడం కంటే 170 మీద ఒక్కసారి నెమ్మదిగా లాగడం నయం.

దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు, మెలితిరగకుండా చుట్టూ తిరిగే తీగ ఉంటే ఇంకో మూడు వందలు ఇచ్చినా తప్పులేదు. పిల్లలున్న ఇంట్లో మొదటిది ఉండే తీరాలి.

## రెండు బ్రష్‌లు, ఒక పెద్ద గందరగోళం

పేర్లు దగ్గరగా ఉండడంతో ఒకటి అనుకుని మరొకటి కొనేవారు చాలామంది. వేడి పళ్ళ బ్రష్ స్ట్రెయిట్‌నర్‌కు చెల్లెలు. పళ్ళు వేడెక్కుతాయి, ఆరిన జుట్టు మీదే దువ్వాలి. జుట్టును రెండు పలకల మధ్య నొక్కదు కాబట్టి నష్టం తక్కువ, నిటారుతనమూ తక్కువే. కాస్త అలలున్న జుట్టును పది నిమిషాల్లో నునుపు చేసుకుని ఆఫీసుకు వెళ్ళేవారికి స్ట్రెయిట్‌నర్ కంటే ఇదే సరి. కొత్తగా మొదలుపెట్టేవారి వేళ్ళు, మెడ కాలకుండా ఉండేదీ దీనితోనే.

వేడి గాలి బ్రష్ డ్రైయర్ వైపు బంధువు. గుండ్రటి బ్రష్ లోపలి నుంచి గాలి వస్తుంది, ముప్పాతిక ఆరిన జుట్టు మీద వాడాలి. పార్లర్‌లో బ్లో డ్రై చేయించుకున్నట్టు ఒత్తుగా, చివర్లో లోపలికి తిరిగి వస్తుంది. భుజాల దాకా ఉన్న సన్నని జుట్టుకు దీన్ని మించింది లేదు. నడుము దాటితే మాత్రం చుట్టుకుని చిక్కుపడి, విడదీయలేక ప్రాణం విసిగిపోతుంది.

## ఉంగరాలు తిప్పేవి

కర్లింగ్ రాడ్‌లో చూడవలసింది గొట్టం వ్యాసం. 19 మిల్లీమీటర్లు బిగుతు ఉంగరాలిస్తుంది, 25 మధ్యరకం, 32 వదులు అలలు. పొడవాటి జుట్టు తన బరువుకే ఉంగరాలను కిందికి లాగేస్తుంది. అందుకే మీరు కోరుకున్న రూపానికి ఒక సైజు చిన్నదే తీసుకోండి. పాయను రాడ్ నుంచి తీసిన వెంటనే వదిలేయకుండా చుట్టగా అరచేతిలోనో క్లిప్పుతోనో చల్లారేదాకా ఉంచితే, సగం రోజు నిలిచేది సాయంత్రం దాకా నిలుస్తుంది.

గాలినే వాడి జుట్టును గొట్టం చుట్టూ తిప్పే మల్టీ స్టైలర్లలో పేరున్నది 2018లో వచ్చిన డైసన్ ఎయిర్‌రాప్. వేగంగా వీచే గాలి ఉపరితలాన్ని అంటిపెట్టుకుని సాగడాన్ని కోండా ప్రభావం అంటారు. అదే ఇందులోని కిటుకు. వేడి 150 డిగ్రీలు దాటదు కాబట్టి జుట్టుకు మంచిదే. కాని అదే కారణంగా మందమైన, పొడవైన మన జుట్టు మీద వంపులు ఎక్కువసేపు నిలవవు. వారానికి నాలుగుసార్లు వాడేవారైతే ఆలోచించండి. పెళ్ళిళ్ళకు మాత్రమే అనుకుంటే ఆ డబ్బుతో ఎన్నోసార్లు పార్లర్‌కు వెళ్ళిరావచ్చు.

వేడే వద్దనుకుంటే దారి సులువు. తొంభై పాళ్ళు ఆరిన జుట్టును రెండు వదులు జడలు వేసి పడుకోండి, లేదా మెత్తటి స్పంజి కడ్డీకి చుట్టుకోండి. పొద్దున విప్పితే అలలు సిద్ధం. తడి ఎక్కువుంటే ఆరదు, పూర్తిగా ఆరితే పట్టదు, ఆ మధ్యస్థం చేతికి అలవాటు కావాలి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు నేను చెప్పేది ఇదొక్కటే.

## దువ్వెన, బ్యాండు, పిన్ను: అసలు పెట్టుబడి

దువ్వెన కొనేటప్పుడు దాని పళ్ళను గోటి మీదా ముంజేతి మీదా గీసి చూడండి. అచ్చు పోసిన చవక ప్లాస్టిక్ దువ్వెనల పళ్ళ మధ్య సన్నని అతుకు గీత ఉంటుంది. చర్మానికి గుచ్చుకునే ఆ గీతే ప్రతి రోజూ వెంట్రుక పైపొరను గీరేది. చెక్క దువ్వెనకు ఆ అతుకు ఉండదు, జుట్టు చిటపటలాడదు. వేపచెక్క కాబట్టి చుండ్రు పోతుందన్నది మాత్రం అమ్మేవారి మాట. చెక్కను నీళ్ళలో నానబెట్టకూడదు, తడి జుట్టుకు వాడకూడదు. తడి జుట్టుకు పళ్ళు ఎడంగా ఉన్న ప్లాస్టిక్ దువ్వెన వేరుగా ఉంచుకోండి. కుంకుడుకాయతో రుద్దుకున్న రోజు చిక్కు ఎక్కువ పడుతుంది కాబట్టి అప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఏ దువ్వెనైనా చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. తువ్వాలు కూడా ఈ లెక్కలోదే. మందపాటి టర్కీ తువ్వాలు కంటే పల్చటి నూలు తుండే జుట్టుకు మెత్తన. దానితో ఒత్తాలే గాని, తల వంచి పటపటా కొట్టకూడదు.

బ్యాండ్లలో తేడా ఇంకా ఎక్కువ. కట్టలు కట్టే సన్నని రబ్బర్ బ్యాండు జుట్టుకు అంటుకుని, తీసేటప్పుడు నాలుగు వెంట్రుకలు పట్టుకుని వస్తుంది. బట్ట చుట్టిన నల్ల బ్యాండు నయం, కాని రెండు కొసలూ ఇనుప ముక్కతో అతికినది వద్దు. బట్ట కుచ్చులతో వదులుగా ఉండే స్క్రంచీ జుట్టును నలపదు, కానీ నునుపైన సన్నని జుట్టు మీద జారిపోతుంది. టెలిఫోను తీగలా మెలికలున్న బ్యాండు ఒత్తైన పోనీటైల్‌ను బాగా పట్టుకుంటుంది, నొక్కు గీత పడదు. జడ చివరకైతే పాతకాలపు శాటిన్ రిబ్బనుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. బడిపిల్లల రెండు జడల విషయంలో ప్రమాదం రిబ్బను కాదు, బిగింపు. కణతల దగ్గర లాగి లాగి కట్టే జుట్టు ఏళ్ళ తరబడి అలాగే ఉంటే అక్కడ పలచబడిపోతుంది. ముదిరితే తిరిగి రాదు. జడ వేసినాక పిల్ల కనుబొమలు పైకి లేచినట్టు కనిపిస్తే వదులు చేయండి.

క్లచ్చర్ ఇంట్లో ఉండేటప్పుడు, వంట చేసేటప్పుడు ముడికి హాయి. ద్విచక్ర వాహనం మీద వెళ్ళేవారికి అది హెల్మెట్ కింద పట్టదు, పెట్టుకోనూ కూడదు. వారికి మెడ మీద కిందికి వేసిన వదులు జడ, తలకు పల్చటి శాటిన్ గుడ్డ సరైనవి. స్లైడులను అలలున్న వైపు తలకు ఆనేలా పెడితే జారవు, చాలామంది తిరగేసి పెడతారు. కొప్పుకు, పూలకు స్లైడులు కాదు, యు పిన్నులు కావాలి. ఏ పిన్నుకైనా కొసన ఉండే ఆ చిన్న పూత గుండు ఊడితే వెంటనే పారేయండి.

## జడ సామగ్రి, సవరం

జడబిళ్ళలు, జడకుప్పెలు, చామంతి బిళ్ళ కొనేటప్పుడు అందరూ ముందు వైపు చూస్తారు. తిప్పి వెనక వైపు చూడండి. వెనక తీగ కొసలు సరిగా నొక్కకపోతే జుట్టుతో పాటు పట్టుచీర పోగులూ పట్టుకుంటాయి. బంగారు పూత నగలకు మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడికి పాత పేరుంది. హైదరాబాద్ బేగంబజార్‌లో, విజయవాడ వన్‌టౌన్‌లో టోకు దుకాణాలకు వెళితే చేతిలో పట్టుకుని బరువు చూసుకునే వీలు దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో లేనిది అదే. సెట్టు ఎంత బాగున్నా బరువు ఎక్కువుంటే పక్కన పెట్టండి. గంట సేపు ఫొటోలకు సరిపోయే బరువు ఆరు గంటల పెళ్ళితంతుకు తలనొప్పి. తేలికపాటి లోహంలో అదే నమూనా తప్పకుండా దొరుకుతుంది.

సవరాలు మూడు రకాలు. నైలాన్‌వి చవక, మెరుపు కాస్త ఎక్కువ, వేడి తగిలితే కరిగిపోతాయి. జడలో కలిపి అల్లేసి పూలతో కప్పే పనైతే ఇవి చాలు. దువ్వెనలో రాలిన చిక్కు వెంట్రుకలను పోగుచేసి తయారు చేసేవి రెండో రకం. ఆ వెంట్రుకల పైపొర పొలుసులు కొన్ని ఒకవైపు, కొన్ని మరోవైపు తిరిగి ఉంటాయి కాబట్టి త్వరగా చిక్కుపడతాయి. దాన్ని కప్పిపుచ్చడానికి పైన సిలికోన్ పూస్తారు. నాలుగుసార్లు కడిగాక అసలు రూపం బయటపడుతుంది. కుదుళ్ళన్నీ ఒకవైపే ఉండేలా కట్టలుగా తీసినవి మూడో రకం, వీటినే రెమీ అంటారు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను తిరుమల తిరుపతి దేవస్థానం వేలంలో అమ్ముతుంది. ప్రపంచమంతా కోరే రెమీ జుట్టుకు ఇలాంటి గుండు చేసిన జుట్టే ముఖ్యమైన వనరు. మన దగ్గర పుట్టిన సరుకే విగ్గుగా మారి విదేశాల్లో ఎంతో ధర పలుకుతుంది.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒక పోగును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పై నుంచి కిందికి, కింద నుంచి పైకి లాగండి. ఒకవైపు నునుపు, మరోవైపు గరుకు అయితే రెమీ. ఒక్క వెంట్రుక కొసను కాల్చి చూస్తే నిజం జుట్టు పొడిబూడిద అవుతుంది, నైలాన్ కరిగి పూసలా గడ్డకడుతుంది. రంగును దుకాణం దీపాల కింద కాక ఎండలోకి తెచ్చి పోల్చుకోండి. రోజూ జుట్టు విరబోసుకుని వాడేవారికి రెమీ ధర గిట్టుబాటవుతుంది. జడకైతే రెండో రకం మంచిది చూసుకున్నా సరిపోతుంది. క్లిప్పులతో తగిలించే పాయలు కుదుళ్ళ దగ్గర కొద్ది వెంట్రుకల మీదే బరువు వేస్తాయి. పలచటి జుట్టువారు వాటికంటే జడలో అల్లే సవరాన్నే ఎంచుకోవడం మేలు.

## ఎవరికి ఏది

నడుము దాకా ఒత్తైన జుట్టు, రోజూ జడ: చెక్క దువ్వెన, ఎడం పళ్ళ దువ్వెన, మంచి బ్యాండ్లు, తేలికైన డ్రైయర్. స్ట్రెయిట్‌నర్ అడిగి తెచ్చుకునే చుట్టాలుంటే అసలు కొనకండి.

భుజాల దాకా జుట్టు, వారానికి మూడు తలస్నానాలు, పొద్దున్నే ఆఫీసు బస్సు: సన్నని జుట్టైతే వేడి గాలి బ్రష్, మందమైతే డ్రైయరుతో పాటు వేడి పళ్ళ బ్రష్.

ఉంగరాల జుట్టు: డిఫ్యూజర్ ఉన్న డ్రైయర్ ఒక్కటే. రోజూ దాన్ని తిన్నగా చేయాలని పోరాడడం తీరప్రాంతంలో డబ్బు దండగ, ఎండు ప్రాంతంలో జుట్టు దండగ.

హాస్టల్ విద్యార్థి: గదిలోని సాకెట్, కరెంటు నియమాలు ముందు కనుక్కోండి. చాలాచోట్ల ఎక్కువ వాట్ల పరికరాలను అనుమతించరు. అంకెల్లో వేడి మార్చుకునే చిన్న స్ట్రెయిట్‌నర్ అక్కడ డ్రైయర్ కంటే పనికొస్తుంది.

వయసుతో పలచబడిన జుట్టు: వేడి గాలి బ్రష్‌ను తక్కువ వేడి మీద కుదుళ్ళ దగ్గర పైకి ఎత్తి ఆరబెడితే ఒత్తుగా కనిపిస్తుంది. బిగుతు ముడులు, బరువు క్లిప్పులు వద్దు.

## విదేశాల నుంచి తెప్పించుకునేవారికి

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత డ్రైయర్ తెప్పించుకునే ముందు దాని పిడి మీద సన్నని అక్షరాలు చదివించండి. అక్కడి ఇళ్ళలో 120 వోల్టులు, ఇక్కడ 230. '100–240' అని రాసి ఉంటే ఇక్కడ ప్లగ్గు మార్పిడి ముక్క ఒక్కటి చాలు. చాలా స్ట్రెయిట్‌నర్లు అలాగే వస్తాయి. డ్రైయర్ల మీద మాత్రం ఎక్కువగా '120' లేదా '125' అనే ఉంటుంది. ప్లగ్గు మార్చి పెడితే క్షణాల్లో మాడిపోతుంది, ఒక్కోసారి నిప్పు కూడా అంటుకుంటుంది. 1,875 వాట్ల డ్రైయర్‌ను నడపగల, వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనే ఖర్చుతో, బరువుతో పోలిస్తే ఇక్కడే మంచి డ్రైయర్ వచ్చేస్తుంది, వారంటీ కూడా ఇక్కడే చెల్లుతుంది. ఇక్కడి నుంచి అటు తీసుకెళ్ళేవారికి ఇబ్బంది తిరగబడుతుంది: 230 వోల్టుల డ్రైయర్ అక్కడ కాలిపోదు గాని, గోరువెచ్చని గాలి ఊదుతూ కూర్చుంటుంది. బ్రిటన్‌లో, గల్ఫ్ దేశాల్లో చాలాచోట్ల వోల్టేజీ మనదానికి దగ్గరే కాబట్టి అక్కడివారికి ప్లగ్గు ఒక్కటే సమస్య; సౌదీ అరేబియాలో పాత భవనాలైతే ఒకసారి అడిగి చూసుకోండి.